ప్రైవేటు ఇంటి అద్దెకి హౌసింగ్ బెనిఫిట్: బ్రిటన్‌లో లెక్క ఎలా కడతారు? ఎక్కడ తేడా వస్తుంది?

కొత్త_చిరునామా
కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) ఇళ్ల గురించి ఈ వేదికలో చాలానే ఉంది. ప్రైవేటు ఓనర్ దగ్గర అద్దెకి ఉండేవాళ్ల సంగతి మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంది. అద్దె మొత్తం ఇస్తారా? ఎంత ఇవ్వాలో ఎవరు తేలుస్తారు? మన ఊళ్లో పొలమో ఇల్లో ఉంటే చెప్పాలా? తెలిసినవాళ్లు అంకెలతో రాస్తే అందరికీ పనికొస్తుంది.

హారో_అక్క
పేరు దగ్గరే సగం గందరగోళం. అందరూ హౌసింగ్ బెనిఫిట్ అంటారు గానీ, పని చేసే వయసువాళ్లు కొత్తగా అడిగితే ఆ పథకం ఇప్పుడు దొరకదు. వాళ్లకి యూనివర్సల్ క్రెడిట్‌లో (ఆదాయం తక్కువున్నవాళ్లకి నెలనెలా ఇచ్చే సాయం) అద్దె భాగం కలిసి వస్తుంది, దాన్ని చూసేది డీడబ్ల్యూపీ, అంటే పని, పెన్షన్ల ప్రభుత్వ శాఖ. కౌన్సిల్ ఇచ్చే అసలు హౌసింగ్ బెనిఫిట్ కొత్తగా దొరికేది పెన్షన్ వయసు దాటినవాళ్లకి, సపోర్టెడ్ లేదా టెంపరరీ వసతిలో ఉన్నవాళ్లకి మాత్రమే. భార్యాభర్తల్లో ఒకరు పెన్షన్ వయసు దాటి, ఇంకొకరు దాటకపోతే 2019 మే 15 నుంచి వాళ్లు కూడా యూనివర్సల్ క్రెడిట్‌కే వెళ్లాలి.

ఏ దారిలో వెళ్లినా ప్రైవేటు అద్దెకి పైహద్దు ఒకటే: లోకల్ హౌసింగ్ అలవెన్స్, ఎల్‌హెచ్‌ఏ. 2008 ఏప్రిల్ నుంచి దేశమంతా ఉంది. మీ అసలు అద్దె, మీ ఎల్‌హెచ్‌ఏ రేటు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాని నుంచే లెక్క మొదలవుతుంది. అద్దె 1,150 పౌండ్లు, రేటు 950 అయితే మిగతా 200 మీ జేబులోంచి పోతాయి. అద్దె 900 అయితే 900 దగ్గరే ఆగుతుంది, రేటు 950 ఉంది కదా అని పైన 50 ఇవ్వరు.

వీసా_వాకిలి
అక్క చెప్పినదానికంటే ముందు చూసుకోవాల్సింది వీసా. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్, స్పౌజ్ వీసాల మీద మామూలుగా ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’, అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదని షరతు ఉంటుంది. హౌసింగ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్, కౌన్సిల్ టాక్స్ రిడక్షన్, చైల్డ్ బెనిఫిట్ అన్నీ పబ్లిక్ ఫండ్సే. ఆ షరతు ఉండగా తీసుకుంటే డబ్బు తిరిగి కట్టడంతో పోదు, రేపు వీసా పొడిగింపుకి, ఐఎల్‌ఆర్‌కి (శాశ్వతంగా ఉండే అనుమతి) అదే అడ్డుపడుతుంది. ఈ-వీసా తెరిచి ఆ షరతు ఉందో లేదో కళ్లారా చూసుకుని అప్పుడు అప్లికేషన్ మొదలుపెట్టండి.

ఒకరికి ఐఎల్‌ఆర్ ఉండి ఇంకొకరు స్పౌజ్ వీసా మీద ఉంటే, ఐఎల్‌ఆర్ ఉన్నవాళ్లు అడగొచ్చు. కానీ జంటగా ఉన్నామనే చెప్పాలి. డబ్బు ఒంటరి మనిషి రేటులో ఇస్తారు, ఆదాయం, పొదుపు మాత్రం ఇద్దరివీ లెక్కిస్తారు. పిల్లలు లేకుండా, అడిగినవాళ్లకి 35 నిండకపోతే షేర్డ్ రూమ్ రేటే (పంచుకునే ఇంట్లో ఒక గదికి ఇచ్చే తక్కువ రేటు) వర్తిస్తుంది. జంట సంగతి దాచిపెట్టి ‘సింగిల్’ అని నొక్కితే అది మోసం కిందికి వస్తుంది.

అడల్ట్ డిపెండెంట్ రిలేటివ్ దారిలో పిలిపించుకున్న అమ్మానాన్నలకి మీరు సంతకం పెట్టిన పూచీ 5 ఏళ్లు ఉంటుంది. ఆ 5 ఏళ్లూ వాళ్ల పేరు మీద పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకి ఇచ్చే సాయం), హౌసింగ్ బెనిఫిట్ అడగడానికి లేదు.

అంకెల_పంతులు
ఎల్‌హెచ్‌ఏ రేటు రెండే సంగతుల మీద నిలబడి ఉంది: మీరు ఏ ఏరియాలో ఉన్నారు, మీ కుటుంబానికి ఎన్ని బెడ్‌రూమ్‌లు ‘కావాలి’. ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది ఎక్కడా లెక్కలోకి రాదు.

ఏరియా అంటే బ్రాడ్ రెంటల్ మార్కెట్ ఏరియా. ఇంగ్లండ్‌లో ఇవి 152. కౌన్సిల్ సరిహద్దులకీ వీటికీ పొత్తు లేదు. స్లౌ ‘ఈస్ట్ థేమ్స్ వ్యాలీ’ ఏరియాలోకి వస్తుంది, రీడింగ్‌కి దాని పేరుతోనే వేరే ఏరియా ఉంది. అందుకే ఊరి పేరుతో వెతక్కండి, ఇంటి పోస్ట్‌కోడ్‌తో వెతకండి. గవ్ డాట్ యూకేలో ఎల్‌హెచ్‌ఏ డైరెక్ట్ అనే పేజీలో పోస్ట్‌కోడ్ కొడితే వారానికీ నెలకీ రేటు చూపిస్తుంది.

ఆ ఏరియాలో ఒక ఏడాదిలో సేకరించిన ప్రైవేటు అద్దెలని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి, కింది నుంచి 30వ శాతం దగ్గర గీత గీస్తారు. 2011 దాకా ఆ గీత సరిగ్గా మధ్యలో, 50వ శాతం దగ్గర ఉండేది. 4 బెడ్‌రూమ్‌లకి మించి రేటు లేకుండా చేసింది కూడా ఆ ఏడాదే. అంటే నియమం తన మాట నిలబెట్టుకున్న ఏడాదిలో కూడా పదిళ్లలో మూడే ఆ రేటుకి అందుతాయి. నిజానికి చాలా ఏళ్లు ఆ మాట కూడా నిలబెట్టుకోలేదు. 2016 నుంచి 2020 దాకా చాలా చోట్ల రేట్లు కదలలేదు, 2020లో సరిచేసి మళ్లీ 2024 ఏప్రిల్ దాకా ఆపారు. 2024లో పెంచి 2025-26కి మళ్లీ అక్కడే నిలిపేశారు. అద్దె ఏటా పెరుగుతుంటే రేటు పాతదే ఉండిపోతుంది. ఈ లోటు కుటుంబాల తప్పు వల్ల వచ్చింది కాదు, విధానంలోనే ఉంది. ఇది గట్టిగా చెప్పుకోవాలి.

కొత్త_చిరునామా
‘కావాల్సిన’ బెడ్‌రూమ్‌లు ఎలా లెక్కిస్తారు పంతులుగారూ?

అంకెల_పంతులు
భార్యాభర్తలకి ఒకటి. 16 నిండిన ప్రతి మనిషికీ ఒకటి. 16 లోపు పిల్లల్లో ఇద్దరు ఆడపిల్లలు గానీ ఇద్దరు మగపిల్లలు గానీ ఉంటే ఆ ఇద్దరికీ కలిపి ఒకటి. పదేళ్ల లోపు ఇద్దరైతే ఆడా మగా తేడా లేకుండా కలిపి ఒకటి. మిగిలిపోయిన పిల్లలకి ఒక్కొక్కరికి ఒకటి. రాత్రిపూట ఉండి చూసుకునే కేరర్ అవసరమైతే ఒకటి అదనం. వైకల్యం వల్ల ఒక గదిలో ఇంకొకరితో పడుకోలేని పిల్లలకి కూడా విడిగా ఇస్తారు.

పాప 9, బాబు 7 ఉన్న కుటుంబానికి 2 బెడ్‌రూమ్‌ల రేటు. పాపకి పదో పుట్టినరోజు రాగానే అదే కుటుంబం 3 బెడ్‌రూమ్‌ల రేటుకి వెళ్తుంది. ఆడపిల్లలిద్దరైతే పెద్దమ్మాయికి 16 వచ్చేదాకా ఆగాలి. పుట్టినరోజు తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, ఆ నెలలోనే జర్నల్‌లో (యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు నడిచే చోటు) చూడండి, కొత్త రేటు పడిందో లేదో.

35 నిండని ఒంటరి మనిషికి, విడి ఫ్లాట్‌లో ఉన్నా సరే, షేర్డ్ రూమ్ రేటే. 2012 దాకా ఈ హద్దు 25 ఏళ్లు. పీఐపీలో (వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే సాయం) డైలీ లివింగ్ భాగం వచ్చేవాళ్లకి, ప్రభుత్వ సంరక్షణలో పెరిగి బయటికొచ్చిన 25 లోపు వాళ్లకి, హోంలెస్ హాస్టళ్లలో 3 నెలలు ఉన్నవాళ్లకి, గృహహింస బాధితులకి మినహాయింపు ఉంది. ఇది వాళ్లంతట వాళ్లు చూసి ఇవ్వరు, రుజువు చూపించి అడగాలి.

తూర్పుగాలి
పేరెంట్స్ విజిట్ వీసా మీద 6 నెలలు వస్తే ఒక గది కలుస్తుందా?

హారో_అక్క
కలవదు తమ్ముడూ. ‘మామూలుగా ఆ ఇంట్లోనే నివాసం’ ఉండాలి, చుట్టపుచూపుకి వచ్చినవాళ్లని లెక్కపెట్టరు. నిజంగా మీతోనే ఉండే 21 దాటిన కొడుకో చెల్లెలో అయితే గది వస్తుంది. కానీ ఆ మనిషి తరఫున యూనివర్సల్ క్రెడిట్‌లోంచి నెలకి 93.02 పౌండ్లు తగ్గిస్తారు (2025-26). కౌన్సిల్ హౌసింగ్ బెనిఫిట్‌లో ఈ కోత వాళ్ల జీతాన్ని బట్టి మారుతుంది. ఇంట్లో క్లెయిమ్ చేసినవాళ్లకి అటెండెన్స్ అలవెన్స్ (సంరక్షణ అవసరమైన పెద్దవాళ్లకి ఇచ్చే డబ్బు) వస్తుంటే ఆ కోత ఉండదు.

అంకెల_పంతులు
జీతం ఉన్నవాళ్లకి ఎంత మిగులుతుందో ఒకసారి వేసి చూపిస్తాను. భార్యాభర్తలు 25 దాటినవాళ్లు, పిల్లలిద్దరు (7, 5), అద్దె 1,150, రెండు బెడ్‌రూమ్‌ల రేటు 950 అనుకుందాం. రేటు ఊహించినది, మిగతావి 2025-26 అసలు అంకెలు.

జంట భాగం 628.10. పిల్లలకి 292.81 చొప్పున 585.62. అద్దె భాగం 950. మొత్తం 2,163.72.

చేతికొచ్చే జీతం 1,800. పిల్లలున్నారు, అద్దె భాగం ఉంది కాబట్టి మొదటి 411 పౌండ్లు వదిలేస్తారు. మిగిలిన 1,389లో పౌండుకి 55 పెన్స్ చొప్పున 763.95 కోత. 2,163.72లోంచి 763.95 తీసేస్తే నెలకి 1,399.77 వస్తుంది. చైల్డ్ బెనిఫిట్ దీనికి వేరు.

కాబట్టి ‘జీతం ఉంది, మాకేం రాదు’ అని వదిలేయకండి. అలాగే ఆ 1,399.77లో అద్దె ఎంత అని విడిగా అడిగితే జవాబు ఉండదు, అంతా ఒకే ముద్దగా వస్తుంది. వారానికి చెప్పిన అద్దెని నెలకి మార్చేటప్పుడు 4తో గుణించకండి. 52తో గుణించి 12తో భాగించాలి. వారానికి 200 అంటే నెలకి 866.67, 800 కాదు.

బెనిఫిట్ క్యాప్ అనేది ఇంకొక మూత, బెనిఫిట్లన్నీ కలిపినా ఇంతకి మించకూడదనే హద్దు. లండన్‌లో కుటుంబానికి ఏడాదికి 25,323, బయట 22,020 పౌండ్లు. ఇంట్లో జీతం నెలకి 846 పౌండ్లు (2025-26) గానీ అంతకు మించి గానీ ఉంటే ఈ మూత వర్తించదు.

ఫైలు_పరిశీలన
అప్లికేషన్‌లో ఎక్కడ ఆగిపోతుందో చెప్తాను, నూటికి తొంభై సమస్యలు అక్కడే.

ఒకటి, అద్దె రుజువు. యూనివర్సల్ క్రెడిట్ మొదటి డబ్బు రావడానికి మామూలుగా 5 వారాలు. ఈలోపు టెనెన్సీ అగ్రిమెంట్ అప్‌లోడ్ చేయమని జర్నల్‌లో అడుగుతారు. సంతకాల పేజీ, అద్దె మొత్తం, ఇంటి అడ్రస్, ఓనర్ అడ్రస్ ఉన్న పేజీలన్నీ పెట్టాలి. మొదటి పేజీ ఫొటో ఒక్కటే పెడితే అద్దె భాగం లేకుండా మిగతాది వేసేస్తారు, ఓనర్‌కి కట్టే తేదీ మాత్రం ఆగదు.

రెండు, ‘అగ్రిమెంట్‌లో ఇంకెవరున్నారు’ అన్న ప్రశ్న. అక్కడ అడిగేది మీ క్లెయిమ్‌లో లేనివాళ్ల గురించి. భార్య పేరు అగ్రిమెంట్‌లో ఉంది కదా అని ఆమెని కూడా ఇంకొక టెనెంట్‌గా చేరిస్తే కంప్యూటర్ అద్దెని సగం చేసేస్తుంది. సగం అద్దె పడిందంటే ముందు ఇదే చూడండి.

మూడు, ఇల్లు మారే తేదీ. అసెస్‌మెంట్ పీరియడ్ (యూనివర్సల్ క్రెడిట్ లెక్క కట్టే నెల) చివరి రోజున మీరు ఏ ఇంట్లో ఉంటే, ఆ నెలంతటికీ ఆ ఇంటి అద్దే లెక్క. మీ నెల 10 నుంచి తర్వాతి 9 దాకా అనుకోండి. 8న పెద్ద ఇంటి నుంచి చిన్న ఇంటికి మారితే, నాలుగు వారాలు పెద్ద అద్దె కట్టి కూడా చిన్న అద్దె లెక్కనే పుచ్చుకుంటారు. 10న మారితే ఆ నష్టం లేదు. చిన్న ఇంటి నుంచి పెద్ద ఇంటికైతే 9 లోపే మారడం మేలు, ఆ పీరియడ్ ముగిసేలోపే జర్నల్‌లో రిపోర్ట్ చేయాలి. ఆలస్యమైతే పెరుగుదల రిపోర్ట్ చేసిన నెల నుంచే వస్తుంది.

అడ్వాన్స్ అడగొచ్చు గానీ అది అప్పు. 24 నెలల్లో కోసుకుంటారు.

కొత్త_చిరునామా
అన్నయ్య ఇంట్లో అద్దెకి ఉంటే ఒప్పుకోరంటున్నారు, నిజమేనా?

ఫైలు_పరిశీలన
అన్నయ్య అదే ఇంట్లో ఉంటే అస్సలు రాదు. వేరే చోట ఉండి ఈ ఇల్లు మీకు అద్దెకిస్తే రావచ్చు, కానీ నిజమైన అద్దె అని చూపించాలి: అగ్రిమెంట్, నెలనెలా బ్యాంకు ద్వారా కట్టిన వరస, కట్టకపోతే ఖాళీ చేయిస్తారన్న సంగతి. బెనిఫిట్ కోసమే అల్లిన అద్దె అనిపిస్తే కొట్టేస్తారు.

ఇక్కడ మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. పెదనాన్న కొడుకుని మనం అన్నయ్యే అంటాం. ఫారంలో ‘బ్రదర్’ అని రాస్తే దగ్గరి బంధువు ఓనర్ అయిపోతాడు. నియమంలో దగ్గరి బంధువులంటే తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, అత్తమామలు, కోడలు, అల్లుడు, సవతి వరసలు, వీళ్ల భార్యాభర్తలు. బాబాయి, మేనమామ, కజిన్లు అందులో లేరు. కజిన్ అయితే కజిన్ అనే రాయండి. ఫోన్‌లో కూడా అదే మాట చెప్పండి.

నెల్లూరు_టు_న్యూక్యాసిల్
ఊళ్లో ఆస్తి సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

వీసా_వాకిలి
చెప్పాల్సిందే, ఎక్కడున్నా సరే. యూనివర్సల్ క్రెడిట్‌లో 6,000 పౌండ్ల దాకా పొదుపు పట్టించుకోరు. అక్కడి నుంచి 16,000 దాకా ప్రతి 250కి నెలకి 4.35 పౌండ్లు కోస్తారు. 10,000 ఉంటే కోత 69.60. 16,000 దాటితే పూర్తిగా ఆగిపోతుంది. హైదరాబాద్ ఫ్లాటు, గుంటూరు పొలం, ప్లాటు, ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలు, ఎఫ్‌డీలు అన్నీ ఇందులోకే. ఆస్తికి అక్కడి మార్కెట్ విలువ తీసుకుని, అమ్మకం ఖర్చుకి 10 శాతం, దాని మీదున్న తాకట్టు అప్పు తీసేస్తారు. రిజిస్ట్రేషన్ విలువ రాసి సరిపెట్టడం కుదరదు.

లెక్కలోకి రానివి కూడా ఉన్నాయి. ఒంటి మీది, లాకర్‌లోని నగలు సొంత వస్తువులు. జీవిత బీమా పాలసీ విలువ పట్టించుకోరు. ఆ ఇంట్లో మీ అమ్మానాన్న సొంత నివాసంగా ఉంటూ పెన్షన్ వయసు దాటినవాళ్లయితే ఆ ఇంటి విలువ వదిలేస్తారు. అమ్మకానికి పెట్టి నిజంగా ప్రయత్నిస్తుంటే 6 నెలలు ఆగుతారు. ఉమ్మడి ఆస్తిలో మీ వాటా మేరకే. కానీ అప్లై చేసే ముందు పొలం తమ్ముడి పేర రాసేస్తే, అది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు.

హారో_అక్క
పెద్దవాళ్ల హౌసింగ్ బెనిఫిట్‌లో హద్దులు వేరు. 10,000 పౌండ్ల దాకా పట్టించుకోరు, పైన ప్రతి 500కి వారానికి 1 పౌండు ఆదాయంగా లెక్కిస్తారు. గ్యారంటీ పెన్షన్ క్రెడిట్ వస్తుంటే 16,000 హద్దు కూడా వర్తించదు, అద్దె ఎల్‌హెచ్‌ఏ దాకా పూర్తిగా వస్తుంది. అందుకే పెద్దవాళ్లకి ముందు పెన్షన్ క్రెడిట్ అడగండి, తర్వాత కౌన్సిల్ ఫారం. వెనక్కి 3 నెలల దాకా ఇస్తారు. యూనివర్సల్ క్రెడిట్‌లో వెనక్కి ఒక్క నెలే, అదీ సరైన కారణం ఉంటేనే.

ఇండియా ప్రయాణం సంగతి దయచేసి జాగ్రత్తగా చదవండి. సంక్రాంతికని వెళ్లి ఎండాకాలం మొదలయ్యాక వచ్చే పెద్దవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. 2016 జులై నుంచి బ్రిటన్ దాటి వెళ్తే హౌసింగ్ బెనిఫిట్ 4 వారాల వరకే. మొదటి నుంచే 3 నెలలకి టికెట్ తీసుకుంటే మొదటి 4 వారాలు కూడా రావు, వెళ్లిన రోజు నుంచే ఆగుతుంది. అక్కడ దగ్గరి బంధువు పోతే ఇంకో 4 వారాలు పొడిగించవచ్చు. యూనివర్సల్ క్రెడిట్‌లో ఒక నెల, అలాంటి మరణానికి ఇంకో నెల. రిటర్న్ టికెట్ కాపీ దాచుకుని, బయల్దేరే ముందే రాతపూర్వకంగా చెప్పండి.

తూర్పుగాలి
‘బెనిఫిట్ వాళ్లకి ఇవ్వం’ అనే ఓనర్లతో ఏం చేయాలి? డబ్బు నేరుగా ఓనర్‌కి వెళ్లే ఏర్పాటు ఉందా?

ఫైలు_పరిశీలన
‘నో డీఎస్‌ఎస్’ అని గంపగుత్తగా తిప్పి పంపడం చట్టవిరుద్ధమైన వివక్ష అని 2020 జులైలో యార్క్ కౌంటీ కోర్టు చెప్పింది. 2025 రెంటర్స్ రైట్స్ యాక్ట్‌లో దాన్ని నేరుగా నిషేధించారు, ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి అమలు. అదే తేదీ నుంచి సెక్షన్ 21 (కారణం చెప్పకుండా ఖాళీ చేయించే) నోటీసులు పోతాయి, ఒక నెల అద్దెకి మించి ముందుగా అడగకూడదు. అద్దె భరించగలరా అని చూసే హక్కు ఓనర్‌కి ఉంటుంది. కాబట్టి ఎల్‌హెచ్‌ఏ రేటు ప్రింటు, జీతం స్లిప్పులు, పైన పంతులుగారు వేసిన లాంటి లెక్క ఒక కాగితం మీద చేత్తో రాసి అయినా చూపండి, అది మాటల కంటే బాగా పనిచేస్తుంది.

డబ్బు మామూలుగా మీ ఖాతాకే వస్తుంది. 2 నెలల బాకీ పడితే ఓనర్ నేరుగా తనకే పంపమని డీడబ్ల్యూపీని అడగొచ్చు. కౌన్సిల్ హౌసింగ్ బెనిఫిట్‌లో ఆ హద్దు 8 వారాలు. స్కాట్లండ్‌లో బాకీ లేకపోయినా మీరే కోరుకుని ఓనర్‌కి పంపించవచ్చు.

నెల్లూరు_టు_న్యూక్యాసిల్
నేరుగా ఓనర్‌కి పంపేది కూడా ఎల్‌హెచ్‌ఏ మేరకే. పైన మిగిలిన 200 మీరు స్టాండింగ్ ఆర్డర్ పెట్టుకోకపోతే నెలనెలా బాకీ పేరుకుంటుంది. ‘అంతా వాళ్లే కట్టేస్తున్నారు’ అనుకుని ఆరు నెలలు ఊరుకుంటే 1,200.

కొత్త_చిరునామా
ఆ 200 భరించలేనివాళ్లకి దారి లేదా?

హారో_అక్క
కౌన్సిల్‌కి వెళ్లాలి. డిస్క్రీషనరీ హౌసింగ్ పేమెంట్ అని లోటు పూడ్చడానికే ఉన్న డబ్బు అది. కొత్త ఇంటి డిపాజిట్‌కి కూడా ఇవ్వొచ్చు. ఇంగ్లండ్‌లో 2026 ఏప్రిల్ నుంచి దాని చోట క్రైసిస్ అండ్ రెజిలియన్స్ ఫండ్ వస్తుంది, వేల్స్, స్కాట్లండ్‌లలో పాతదే. హౌసింగ్ బెనిఫిట్ గానీ యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె భాగం గానీ వస్తుండాలి. హక్కుగా రాదు, కౌన్సిల్ దగ్గర ఉన్నంతలో ఇస్తారు, కొన్ని నెలలకే ఇచ్చి మళ్లీ అడగమంటారు.

ఫారంలో ఖర్చులు గుండ్రంగా రాయకండి. తిండికి 400 అని కాకుండా మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్నదే వేయండి, వాళ్లు దానితోనే పోల్చి చూస్తారు. చిన్న ఇంటికి ఎందుకు మారలేరో రాయండి: పిల్లల బడి, జీసీఎస్‌ఈ (16 ఏళ్లప్పుడు రాసే బోర్డు పరీక్షలు) ఏడాది, దగ్గర్లోని ఆసుపత్రి, ఆ ఏరియాలో రేటు లోపల ఇళ్లు లేవని చూపే ప్రకటనల స్క్రీన్‌షాట్లు. ఇవ్వమంటే అంతటితో వదలొద్దు, మళ్లీ చూడమని రాతలో అడగండి.

ఫైలు_పరిశీలన
లెక్కే తప్పనిపిస్తే దారి వేరు. యూనివర్సల్ క్రెడిట్ నిర్ణయం మీద ఒక నెలలో మాండేటరీ రీకన్సిడరేషన్ (నిర్ణయాన్ని మళ్లీ చూడమనడం) అడగాలి, దాని జవాబు వచ్చాక ఇంకో నెలలో ట్రిబ్యునల్‌కి అప్పీల్. కౌన్సిల్ నిర్ణయం మీద కూడా గడువు ఒక నెలే. ‘ఈ ఊరికి ఎల్‌హెచ్‌ఏ రేటు తక్కువ’ అని అప్పీల్ చేస్తే నిలవదు. ‘మా పాపకి పదేళ్లు నిండాయి, ఇంకా 2 బెడ్‌రూమ్‌ల రేటే వేశారు’ అంటే నిలుస్తుంది, బర్త్ సర్టిఫికెట్ జత చేయండి.

కొత్త_చిరునామా
అక్కా, పంతులుగారూ, అందరికీ ధన్యవాదాలు. ఒక్కటి మిగిలింది. ఇల్లు చూడ్డానికి వెళ్లే ముందు ఏది ముందు, ఏది వెనక?

అంకెల_పంతులు
ఆ ఇంటి పోస్ట్‌కోడ్‌కి ఎల్‌హెచ్‌ఏ రేటు చూడండి. అద్దెలోంచి తీసేయండి. మిగిలినది 12 నెలలకి గుణించి, అంత జీతంలోంచి పెట్టగలరా చూసుకోండి. ఇంగ్లండ్‌లో డిపాజిట్ 5 వారాల అద్దెకి మించకూడదు (ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే), కట్టిన 30 రోజుల్లో దాన్ని ప్రొటెక్షన్ స్కీమ్‌లో పెట్టాలి. మారే తేదీ మీ అసెస్‌మెంట్ పీరియడ్‌తో పోల్చుకోండి. ఇవన్నీ అయ్యాక ఓనర్‌కి ఫోన్ చేయండి.